పట్టణ పునరుద్ధరణ నిధులు: పురపాలక అకౌంట్స్ అధికారులు ఒక బల్ల చుట్టూ కూర్చోవడానికి మార్గదర్శిక

పాత కూరగాయల మార్కెట్టును పడగొట్టి కొత్తది కట్టాలన్నా, పూడిపోయిన చెరువుకు గట్టు వేసి చుట్టూ నడకదారి తీర్చాలన్నా, గుడి చుట్టూ ఇరుకైపోయిన వీధుల్లో మురుగు కాలువలూ మంచినీటి గొట్టాలూ మార్చాలన్నా, పురపాలక సంఘంలో మొదట రంగంలోకి దిగేది ఇంజినీరింగ్ విభాగం, చివరికి జవాబు చెప్పుకోవలసింది అకౌంట్స్ విభాగం. ఇంజినీరుకు సందేహం వస్తే అడగడానికి పై ఇంజినీరు ఉంటాడు. టౌన్ ప్లానింగ్ వారికి తమ ప్రాంతీయ కార్యాలయం ఉంటుంది. అకౌంట్స్ అధికారికి మాత్రం తన పని లోతుగా తెలిసిన రెండో మనిషి, చిన్న పట్టణాల్లో ముఖ్యంగా, తన భవనంలో ఉండడం అరుదు.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మా సంఘం పంపిన ఒక వినియోగ ధ్రువపత్రం, అంటే మనం రోజూ అనుకునే యూసీ, మూడుసార్లు తిరిగొచ్చింది. ఖర్చు లెక్క సరిగానే ఉంది, బిల్లులూ సరిగానే ఉన్నాయి. పథకం ఖాతాలో డబ్బు నిలిచి ఉన్నన్నాళ్లూ బ్యాంకు వేసిన వడ్డీని విడిగా చూపలేదనీ, దాన్ని తిరిగి జమచేసిన చలానా జతపరచలేదనీ అసలు అభ్యంతరం. ఆ మాట స్పష్టంగా రాసి ఉంటే ఒక్క పూటలో సరిచేసేవాళ్లం, కానీ కాగితం మీద ఉన్నది "నిబంధనల ప్రకారం సవరించి పంపవలెను" అన్న ఒక్క వాక్యం. ఇదే అభ్యంతరం పక్క పురపాలక సంఘానికి రెండు నెలల ముందే వచ్చిందనీ, వారు దాన్ని ఒక్క కాగితంతో తేల్చేశారనీ నాకు తెలిసింది తిరుపతిలో ఒక పెళ్లి విందులో, పెరుగన్నం వడ్డించే వేళ. "ఏమన్నా, వడ్డీ చలానా పెట్టలేదా మీరు?" అని పక్క విస్తరి ముందు కూర్చున్న ఆ సంఘం అకౌంటెంట్ అడిగితే, అప్పటిదాకా తిన్నది అరగడం మానేసింది. మరుసటి వారమే యూసీ ఆమోదం పొందింది.

అలాంటి సమాచారం పెళ్లిళ్లలో కాక, నెలకొకసారి ఒక బల్ల చుట్టూ దొరికేలా చేసుకోవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. తిరుపతి, చిత్తూరు ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకొని రాసినా, రాష్ట్రంలో ఇతర చోట్ల ఉన్నవారు ఊర్ల పేర్లు మార్చుకొని వాడుకోవచ్చు.

ఎవరిని పిలవాలి, ఎక్కడ కూర్చోవాలి

ఏడెనిమిది మందితో మొదలుపెట్టడం మంచిది. తిరుపతి, చిత్తూరు నగరపాలక సంస్థల నుంచి ఒక్కొక్కరు, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి, పలమనేరు, కుప్పం వంటి పురపాలక సంఘాల నుంచి ఒక్కొక్కరు వస్తే అదే నిండు సభ. వచ్చేవారు హోదా కోసం కాక పని కోసం రావాలి కాబట్టి, అకౌంట్స్ అధికారే రావాలన్న పట్టుదల అక్కరలేదు. యూసీలు స్వయంగా తయారుచేసే సీనియర్ అకౌంటెంటు వచ్చినా చాలు, చాలాసార్లు అతడు రావడమే మేలు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడిన తరువాత మన కాగితాలు వేర్వేరు కలెక్టరేట్లకు వెళుతున్నాయి గానీ, ఆడిట్ పేరాల (ఆడిట్ వారు రాసిపెట్టే అభ్యంతరాల) స్వభావం జిల్లా సరిహద్దు చూసి మారలేదు. కనుక జిల్లాలవారీగా విడిపోవడం అనవసరం.

పురపాలక సంఘాలకు వెలుపల ఇద్దరిని తప్పకుండా చేర్చుకోవాలని నా అభిప్రాయం. ఒకరు తిరుపతి స్మార్ట్ సిటీ కంపెనీ లెక్కలు చూసినవారు, రెండోవారు తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, అకౌంట్స్ విభాగం నుంచి. స్మార్ట్ సిటీ మిషన్‌లో తిరుపతి 2016 సెప్టెంబరు జాబితాలో ఎంపికైంది. నగరానికి కేంద్రం వాటాగా రూ. 500 కోట్ల వరకు, అంతే మొత్తం రాష్ట్రం, స్థానిక సంస్థల వాటాగా ఉండాలన్నది ఆ పథకం లెక్క. మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. అంత డబ్బు ఒక ప్రత్యేక కంపెనీ పద్దుల ద్వారా నడిచినప్పుడు కంపెనీ చట్టం కింద లెక్కలు ఎలా మూశారు, కట్టిన ఆస్తులను నగరపాలక సంస్థకు అప్పగించేటప్పుడు ఏ విలువకు చూపారు, ఆ తరువాత కరెంటు బిల్లు, నిర్వహణ ఖర్చు ఏ పద్దులో పడతాయి అనే ప్రశ్నలకు అనుభవంతో జవాబు చెప్పగలవారు మన దగ్గర్లోనే ఉన్నారు. తిరుపతిలోని శ్రీనివాస సేతు పైవంతెన విషయంలో తిరుమల తిరుపతి దేవస్థానం, స్మార్ట్ సిటీ కంపెనీ ఖర్చు పంచుకున్నాయి. ఒకే నిర్మాణానికి రెండు వేర్వేరు సంస్థలు డబ్బు పెట్టినప్పుడు ఒప్పందం ఎలా రాసుకోవాలి, ఎవరి వాటా ఎప్పుడు విడుదల కావాలి అని ఆలోచించే చిన్న పట్టణాలకు అంతకంటే దగ్గరి ఉదాహరణ ఉండదు.

రాష్ట్ర ఆడిట్ శాఖ వారిని ప్రతి సమావేశానికీ పిలవకండి. వారు ఎదురుగా ఉంటే ఎవరూ తమ తప్పు చెప్పరు. మూడు నాలుగు నెలలకొకసారి, ముందే రాసి పంపిన ప్రశ్నలతో, అతిథిగా పిలిస్తే వారికీ గౌరవం, మనకూ ప్రయోజనం.

కుప్పం నుంచి తిరుపతికి రావడమంటే రోజంతా ప్రయాణానికే పోతుంది. పలమనేరు వారికి చిత్తూరు దగ్గర, శ్రీకాళహస్తి, పుత్తూరు వారికి తిరుపతి దగ్గర. కాబట్టి ఒక నెల తిరుపతిలో, ఒక నెల చిత్తూరులో పెట్టుకొని, దూరం వారు రెండు నెలలకొకసారి స్వయంగా వచ్చి, మధ్య నెలలో వీడియో కాల్‌లో కలిస్తే సరిపోతుంది. తేదీ విషయంలో స్థానిక క్యాలెండరు చూడకపోతే మొదటి ఏడాదిలోనే కూటమి చెదిరిపోతుంది. మార్చిలో అందరూ పన్ను వసూళ్ల మీద ఉంటారు. ఏప్రిల్‌లో ఏడాది పన్ను ఒకేసారి కట్టేవారికిచ్చే 5 శాతం రాయితీ కోసం కౌంటర్ల దగ్గర రద్దీ. మే నెలలో గంగమ్మ జాతర, సెప్టెంబరు–అక్టోబరుల్లో బ్రహ్మోత్సవాలు వచ్చినప్పుడు తిరుపతి సిబ్బందికి వేరే పని తోచదు. మిగిలిన నెలల్లో రెండో శనివారం ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు పెట్టుకుంటే చాలు, మధ్యాహ్నం భోజనం తరువాత లెక్కల మీద ఎవరికీ బుద్ధి నిలవదు.

కమిషనర్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. సెలవు రోజున కలిసే చోట అనుమతి ఎందుకని కొందరంటారు. ఫైలు నకలు బయటికి తీసుకెళ్లి నలుగురి ముందు పెడుతున్నామన్న సంగతి మరవకూడదు. ఒక పేజీ నోటు ఫైలు పెట్టి, కూటమి ఉద్దేశం, పంచుకునే కాగితాల స్వరూపం, ఖర్చు ఏమీ కార్యాలయం మీద పడదన్న మాట రాస్తే ఏ కమిషనరూ కాదనరు. ఉద్యోగ సంఘం ఛాయలు మాత్రం పడనివ్వకండి. బదిలీలు, ప్రమోషన్లు, బకాయి డీఏల ప్రస్తావన ఒక్కసారి మొదలైతే ఆ రోజు యూసీల సంగతి ఎవరూ ఎత్తరు.

బల్ల మీదికి ఏం తేవాలి

నా అనుభవంలో ఇలాంటి కూటములు చచ్చిపోవడానికి ఒకటే కారణం. ప్రతివారూ తమ సంఘం సాధించిన విజయాన్ని పవర్‌పాయింట్‌లో చూపిస్తారు, మిగిలినవారు చప్పట్లు కొట్టి టీ తాగి వెళ్లిపోతారు. విజయం నుంచి పక్కవాడు నేర్చుకునేది తక్కువ. అందువల్ల ఒక్కటే నియమం పెట్టుకోండి: వచ్చే ప్రతివారూ ఆ నెలలో తిరిగొచ్చిన ఫైలు ఒకటి తేవాలి. ఫైలు ఏదీ తిరిగిరాలేదంటే, తేల్చలేక ఆగిపోయిన ఆడిట్ పేరా ఒకటి తేవాలి. అదీ లేదన్నవారిని మాత్రం కాస్త అనుమానంగా చూడవచ్చు.

తెచ్చిన దాన్ని అర పేజీలో రాసి తేవాలి. ఏ పథకం, ఏ పని, అభ్యంతరం యథాతథంగా ఏ మాటల్లో వచ్చింది, మనం పంపిన జవాబు ఏమిటి, ఇప్పుడు ఎక్కడ ఆగింది అన్నవి చాలు. అభ్యంతరాన్ని మన మాటల్లో తిరిగి రాయకుండా వచ్చిన మాటల్లోనే రాయాలని పట్టుబట్టండి. ఒకే శాఖ నుంచి మూడు సంఘాలకు ఒకే వాక్యం వచ్చిందని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే, అడుగుతున్నది ఏ కాగితమో బయటపడుతుంది. ఆ ముగ్గురిలో ఎవరో ఒకరి జవాబు అప్పటికే ఆమోదం పొంది ఉంటుంది, ఆ జవాబు నకలే తక్కిన ఇద్దరికీ నమూనా.

ఒక్కో ఫైలుకు ఇరవై నిమిషాలకు మించి ఇవ్వకండి. మొదటి ఐదు నిమిషాలు తెచ్చినవారు మాట్లాడాలి, తరువాత వారు నోరు మూసుకొని రాసుకోవాలి. ఈ రెండోది అందరికీ కష్టం, సీనియర్లకు మరీ కష్టం.

నిధుల పట్టిక: మొత్తం కంటే తేదీ ముఖ్యం

రెండో మూడో సమావేశం నాటికి ఒక ఉమ్మడి పట్టిక తయారు కావాలి. అందులో ఒక్కో నిధికి ఒక్కో వరుస. కేంద్రం వాటా ఎంత, వాయిదాలు ఏ నిష్పత్తిలో వస్తాయి, డబ్బు ఏ ఖాతాలో పడుతుంది, తరువాతి వాయిదా రావడానికి ఏ కాగితం కావాలి, ఆ కాగితానికి గడువు ఎప్పుడు అన్నవి అందులో ఉండాలి. మొత్తం ఎంత మంజూరైందో అందరూ చెప్పగలరు, పేపర్లో కూడా వస్తుంది. సంఘానికి నష్టం వచ్చేది ఎక్కువగా తేదీల దగ్గర.

పట్టణాల్లో తాగునీరు, మురుగునీటి పనులకు కేంద్రం తెచ్చిన అమృత్ 2.0 సంగతి చూడండి. 2021 అక్టోబరు 1న మొదలైన ఈ పథకంలో లక్ష లోపు జనాభా ఉన్న పట్టణానికి కేంద్రం వాటా 50 శాతం, లక్ష నుంచి పది లక్షల వరకు మూడో వంతు, పది లక్షలు దాటితే 25 శాతం. కేంద్రం వాటా 20, 40, 40 శాతం చొప్పున మూడు వాయిదాల్లో వస్తుంది. ఉదాహరణకు రూ. 15 కోట్ల నీటి పని అనుకుందాం. పుత్తూరు వంటి లక్ష లోపు పట్టణంలో కేంద్రం వాటా 7.5 కోట్లు, మొదటి వాయిదా 1.5 కోట్లు, ఆపైన మూడేసి కోట్లు. అదే పని చిత్తూరులో అయితే కేంద్రం వాటా 5 కోట్లు, మొదట వచ్చేది కోటి మాత్రమే. కాంట్రాక్టరు మొదటి ఆరు నెలల్లో గొట్టాలు దించి నాలుగు కోట్ల రన్నింగ్ బిల్లు పెడితే, రాష్ట్రం వాటా ఆలస్యమైన పక్షంలో ఆ తేడాను ఎవరు మోయాలి? సాధారణ నిధి నుంచి సర్దుబాటు చేసిన సంఘాలు ఉన్నాయి, బిల్లు ఆపి పని ఆగిపోయిన సంఘాలు ఉన్నాయి. రెండు రకాల అనుభవాలూ బల్ల మీదికి వస్తే, టెండరు షరతుల్లోనే చెల్లింపు దశలను వాయిదాలకు దగ్గరగా అమర్చుకోవాలని తక్కినవారికి ముందే తెలుస్తుంది. ఒప్పందం మీద సంతకం పడిన తరువాత తెలిసి ఉపయోగం లేదు.

ఆర్థిక సంఘం గ్రాంట్ల దగ్గరా కిటుకు షరతుల్లోనే ఉంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణ స్థానిక సంస్థలకు రూ. 1,21,055 కోట్లు సిఫారసు చేసింది. పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకిచ్చే గ్రాంటులో 40 శాతం షరతులు లేనిది, 30 శాతం పారిశుద్ధ్యానికి, 30 శాతం తాగునీరు, వర్షపు నీటి సంరక్షణ వంటి పనులకు. ఒక సంఘానికి రెండు కోట్లు వస్తే స్వేచ్ఛగా వాడుకోగలిగేది 80 లక్షలు, అందులోనూ జీతాలు, కార్యాలయ ఖర్చులు కుదరవు. అర్హతకు గత ఏడాది తాత్కాలిక లెక్కలు, అంతకు ముందటి ఏడాది ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో ఉండాలి. పన్ను కనీస రేట్లు ప్రకటించి, ఆస్తి పన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి ఐదేళ్ల సగటు వృద్ధికి తగ్గకుండా పెరగాలి. రాష్ట్రానికి అందిన పది పనిదినాల్లో డబ్బు స్థానిక సంస్థకు చేరకపోతే వడ్డీతో సహా ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. మన పురపాలక సంఘాల్లో ఎందరికి ఆ వడ్డీ అడగవచ్చని తెలుసో నాకు అనుమానమే. కొత్త ఆర్థిక సంఘం కాలానికి షరతులు మారినా, పట్టికలో పాత వరుసను చెరపకుండా కింద కొత్త వరుస రాసుకోండి. పాత గ్రాంటుల యూసీలు, ఆడిట్ పేరాలు ఆ తరువాత కూడా చాలాకాలం వెంట వస్తాయి.

ఆస్తి పన్ను ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ 1 నుంచి అద్దె విలువ స్థానంలో మూలధన విలువ ఆధారంగా పన్ను వేస్తున్నాం, పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్న పరిమితితో. అందువల్ల డిమాండు ఏటా పెరుగుతుంది గానీ, వసూలు దానితో పాటు పెరిగిందా అన్నది డీసీబీ (డిమాండు, వసూలు, బకాయి) పట్టికలోనే తేలుతుంది. కూటమిలో ఏడాదికొకసారి అందరి డీసీబీలను పక్కపక్కన పెట్టి, బకాయిల్లో కోర్టు కేసులు ఎన్ని, ప్రభుత్వ భవనాలవి ఎన్ని, అసలు లేని ఆస్తుల మీద పడిన పన్ను అసెస్‌మెంట్లు ఎన్ని అని విడదీసి చూడండి. బ్యాంకుకో బాండు మార్కెట్టుకో వెళ్లవలసిన రోజు వచ్చినప్పుడు మొదట అడిగేది ఆ విభజననే.

వస్తు సేవల పన్ను విషయంలో ఒక ఉదాహరణ చాలు. స్థానిక సంస్థలకు చేసే చాలా రకాల వర్క్స్ కాంట్రాక్టుల మీద రేటు 2022 జులై 18 నుంచి 12 శాతం బదులు 18 శాతం అయింది. ఐదు కోట్ల పనిమీద తేడా 30 లక్షలు. పాత రేటుతో పరిపాలనా అనుమతి పొందిన అంచనాలన్నీ ఒక్కరోజులో తప్పిపోయాయి. సవరించిన అంచనా పంపినవారు, టెండరు మిగులులో సర్దినవారు, సాధారణ నిధి మీద వేసుకున్నవారు అందరూ ఉన్నారు. ఏ దారిలో ఆడిట్ పేరా పడలేదో కలిసి చూసుకోవడానికి ఇంతకంటే మంచి అంశం ఉండదు, ఇలాంటి మార్పు మళ్లీ ఏనాడైనా రావచ్చు.

అప్పుతో కట్టే పనులు: ఒక మార్కెట్టు లెక్క

ఇంతకాలం మనకు అలవాటైనది గ్రాంటు. రాబోయేది క్రమంగా అప్పు, బాండు, ప్రైవేటు భాగస్వామ్యం వైపు మళ్లుతోంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన లక్ష కోట్ల రూపాయల అర్బన్ ఛాలెంజ్ ఫండ్ ఉద్దేశాల్లో నగరాల పునరభివృద్ధి ఒకటి. బ్యాంకులు అప్పివ్వదగిన ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం వరకే ఈ నిధి ఇస్తుంది, కనీసం 50 శాతం బాండ్లు, బ్యాంకు రుణాలు, భాగస్వామ్యాల ద్వారా తెచ్చుకోవాలి. 2023-24 బడ్జెట్‌లో ప్రకటించిన పట్టణ మౌలిక వసతుల అభివృద్ధి నిధి, అంటే యూఐడీఎఫ్, నేషనల్ హౌసింగ్ బ్యాంకు నిర్వహణలో రెండో, మూడో శ్రేణి నగరాల కోసం ఉద్దేశించింది. అదీ అప్పే. మన రాష్ట్రంలో విశాఖపట్నం నగరపాలక సంస్థ 2018 డిసెంబరులో రూ. 80 కోట్ల బాండ్లు జారీచేసింది. అప్పట్లో అమృత్ కింద వంద కోట్ల బాండుకు 13 కోట్ల ప్రోత్సాహకం ఉండేది. రేటింగు కోసం ఏ లెక్కలు అడిగారు, ఎస్క్రో ఖాతాలోకి, అంటే అప్పు తీర్చడానికే విడిగా ఉంచే ఖాతాలోకి, ఏ రాబడిని మళ్లించారు అన్నవి తెలుసుకోవడానికి విశాఖలో ఆ పని చేసినవారిని ఒకసారి వీడియో కాల్‌లోకి పిలవండి. గంటసేపు వారితో మాట్లాడితే సెమినార్ల మాట గుర్తుకు రాదు.

అప్పు లెక్కను కూటమిలో ఎలా పరీక్షించాలో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూపుతాను. పాత కూరగాయల మార్కెట్టు స్థలంలో రూ. 20 కోట్లతో 120 దుకాణాల కొత్త మార్కెట్టు కట్టాలని ఒక సంఘం డీపీఆర్, అంటే సవివర ప్రాజెక్టు నివేదిక, తెచ్చిందనుకుందాం. కేంద్ర నిధి 5 కోట్లు, రాష్ట్రం, సంఘం కలిసి 5 కోట్లు, మిగిలిన 10 కోట్లు బ్యాంకు రుణం. తొమ్మిది శాతం వడ్డీ, పదిహేనేళ్ల గడువు అయితే నెల వాయిదా సుమారు 10.14 లక్షలు. దాన్ని 120 దుకాణాలతో భాగిస్తే ఒక్కో దుకాణానికి దాదాపు రూ. 8,450. పాత మార్కెట్టులో అద్దె రెండు వేలు ఉందనుకోండి.

డీపీఆర్ ఇక్కడితో ఆగుతుంది, చివర "అద్దెల ద్వారా రుణం తీర్చబడును" అని ఒక వాక్యం ఉంటుంది. కూటమి పని ఇక్కడ మొదలు కావాలి. ఒకరు అడుగుతారు: వందకు వంద అద్దె ఏ మార్కెట్టులో వసూలవుతోంది? ఎనభై ఐదు శాతమే వసూలైతే ఒక్కో దుకాణం అద్దె రూ. 9,940కి పెంచాలి, కాపలా, కరెంటు, పారిశుద్ధ్యం ఇంకా కలపలేదు. ఇంకొకరు అడుగుతారు: కట్టడానికి పద్దెనిమిది నెలలు పడితే, రుణం కొద్దికొద్దిగా తీసుకుంటూ సగటున సగం వాడినా, ఆ కాలపు వడ్డీ 67.5 లక్షలు ఏ పద్దులో ఉంది? ఆ పద్దెనిమిది నెలలూ పాత దుకాణాల అద్దె రాదు, తాత్కాలిక షెడ్లకు ఖర్చు వేరే. మూడోవారు తమ ఊరి అనుభవం చెబుతారు: పాత అద్దెదారులకు మొదటి హక్కు ఇస్తామని కౌన్సిల్ తీర్మానం చేసి, ఆ తరువాత వేలం వేయబోతే వారు కోర్టుకు వెళ్లారని, రెండేళ్లు దుకాణాలు తాళాలతో ఉన్నాయని.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. ఈ ప్రశ్నల్లో ఏదీ మార్కెట్టు వద్దనే ప్రశ్న కాదు. దుకాణాల సంఖ్య తగ్గించి పై అంతస్తు కార్యాలయాలకు ఇవ్వాలా, వాహనాల పార్కింగు రుసుము కలపాలా, రుణం 10 కోట్ల నుంచి 7 కోట్లకు దించి తక్కింది దశలవారీగా కట్టాలా అన్న నిర్ణయానికి కావలసిన అంకెలు అవి. ఏడు కోట్లయితే వాయిదా సుమారు 7.1 లక్షలకు దిగుతుంది. కౌన్సిల్ ముందుకు అజెండా వెళ్లే ముందు ఈ లెక్క కమిషనరు బల్ల మీద ఉంటే, ఆ తరువాత జవాబు చెప్పుకునే పని సగం తగ్గుతుంది. ఈ ప్రశ్నలను అడిగించుకోవడానికే ఫైలును పరాయి ఊరివారి ముందు పెట్టడం. సొంత కార్యాలయంలో ఇవే అడిగితే "మీ అకౌంట్స్ వాళ్లు ప్రతిదానికీ అడ్డుపడతారు" అన్న మాట వస్తుంది.

చెరువు గట్లు, పార్కుల వంటి పునరుద్ధరణ పనులకు ఇలాంటి అద్దె రాబడి ఉండదు. తిరుపతి వినాయకసాగర్ వంటి చోట ప్రవేశ రుసుము, దుకాణాల లైసెన్సు కొంత తేవచ్చు గానీ, మొత్తం నిర్వహణను అవే మోస్తాయని ఆశించకూడదు. కాబట్టి అలాంటి పనులకు నిర్మాణ ఖర్చు పట్టిక పక్కనే పదేళ్ల నిర్వహణ పట్టిక కూడా ఉండాలని కూటమిలో ఒక అలవాటు చేసుకోండి.

ఏది పంచుకోవచ్చు, ఏది కూడదు

ఆమోదం పొందిన బడ్జెట్లు, వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదికలు, జారీ అయిన ఉత్తర్వులు స్వేచ్ఛగా పంచుకోవచ్చు. సమాచార హక్కు చట్టం, 2005 కింద వీటిలో చాలావరకు మనమే ముందుగా ప్రకటించాల్సినవి. తెరవని టెండర్లు, బ్యాంకులతో ఇంకా తేలని వడ్డీ బేరం, విజిలెన్స్ విచారణలో ఉన్న ఫైళ్లు, పన్ను చెల్లింపుదారుల పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్న జాబితాలు మాత్రం బల్ల మీదికి రాకూడదు. డీసీబీ తెచ్చేటప్పుడు అసెస్‌మెంటు నంబర్లు తీసేసి మొత్తాలు మాత్రమే తేవాలి. డిజిటల్ సంతకం కీ సంగతి చెప్పనవసరం లేదనుకున్నాను గానీ, "అన్నా, నేను ఊళ్లో లేను, నా కీతో ఆ బిల్లు ఒకటి నొక్కేయ్" అన్న మాట నా చెవులతో విన్నాను కనుక రాస్తున్నాను: ఎంత స్నేహమైనా అది చేయకండి.

వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి, కాకపోతే శుభోదయాలూ పండుగ శుభాకాంక్షలూ దానిలో నిషేధించండి. ఉత్తర్వు ప్రతి వస్తే పంపాలి, అభ్యంతరం వస్తే అడగాలి, అంతే. తేలిన సంగతిని ఫోనులో వెతుక్కోవలసిన పరిస్థితి రాకుండా ఒకరు రిజిస్టరులోకి ఎక్కించాలి.

రిజిస్టరు, బదిలీలు

రిజిస్టరు ఒకటే, ఎడమ పేజీలో అభ్యంతరం, కుడి పేజీలో తేలిన జవాబు, కింద ఏ తేదీ లేఖతో తేలిందో. పథకంవారీగా ముందు పుటలో విషయసూచిక. చూడ్డానికి పాతకాలపు పద్ధతిలా ఉంటుంది గానీ, కంప్యూటరు ఫైలు ఎవరి ల్యాప్‌టాప్‌లో ఉందో తెలియక పోగొట్టుకున్నవారు రిజిస్టరును తప్పుపట్టరు. ఏడాదికొకసారి దాన్ని స్కాన్ చేసి అందరికీ పంపండి. కొత్తగా చేరినవారు మొదటి సమావేశానికి ముందు దాన్ని చదివి రావాలి, లేకపోతే పోయిన ఏడాది తేలిన ప్రశ్ననే మళ్లీ అడుగుతారు.

కూటమిని నడిపేవారి పదవి ఆరు నెలలకు మించి ఉండనివ్వకండి. తిరుపతి, చిత్తూరు పెద్ద సంస్థలు కనుక వాటి అధికారులే ఎప్పుడూ నడిపితే, చిన్న పట్టణాలవారు విద్యార్థుల్లా వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెడతారు. ఒకసారి పలమనేరు నుంచో నగరి నుంచో వచ్చిన అకౌంటెంటు సభ నడిపినప్పుడు చర్చ ఎంత సూటిగా సాగుతుందో మీకే తెలుస్తుంది, ఎందుకంటే అతడికి సాయంత్రం బస్సు పట్టుకోవాలి.

బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించే జాబితాలో క్యాష్ బుక్కు, చెక్కు పుస్తకాలు, డిపాజిట్ రిజిస్టరు రాస్తాం. ఆ జాబితా కింద మరో రెండు వరుసలు చేర్చమని కూటమి సభ్యులందరికీ చెప్పండి. మొదటిది, కూటమి నిధుల పట్టికలో మన సంఘానికి రాబోయే తొంభై రోజుల్లో ఉన్న గడువులు. రెండోది, మనం తెచ్చిన ఫైళ్లలో ఇంకా తేలనివి, వాటిని ఎవరు చూస్తామన్నారో వారి పేరు, ఫోన్ నంబరు. కొత్తగా వచ్చినవారు సంతకం చేసే ముందు ఆ నంబరుకు ఒకసారి ఫోన్ చేయించాలి.